ఇంకొంచెం తెరువప్పా

మా మూడిళ్ళలో స్పీకర్లు మూడేళ్ళపాటు తప్పుగా పాడాయి. ఆ తప్పు కనిపెట్టింది నేనే. కనిపెట్టినందుకు మొదట గర్వపడ్డాను, తర్వాత సిగ్గుపడ్డాను. ఇప్పుడు రెండూ లేవు.

ఒక ఇల్లు మదనపల్లెలో మాది. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చర్చి క్వయర్‌లో ఇప్పటికీ పాడుతుంది. నేను ఎలక్ట్రానిక్స్ చదివి ఒక ఫ్యాక్టరీలో టెస్టింగ్ పని చేస్తాను. రెండో ఇల్లు పుంగనూరులో. ఆ ఇంటాయన సెల్ టవర్లు చూసుకునే టెక్నీషియన్, నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అంటాను. మూడోది కుప్పంలో. ఆయన మా ఇద్దరికీ పెద్ద. పాతికేళ్ళు గ్రానైట్ కోసే మిషన్ మీద పనిచేసి, ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా ఉన్నాడు. ఆయన్ని మామా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. పుంగనూరులో పాత ఇనుప సామాను అంగట్లో యాంప్లిఫైయర్‌కు పనికొచ్చే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ముగ్గురం ఒకేసారి చెయ్యి వేశాం. పరిచయం అలా మొదలైంది.

ఈ చిన్న ఊళ్ళలో స్పీకర్లు, యాంప్లిఫైయర్లు సొంతంగా కట్టుకోవడం ఎందుకని అడిగేవాళ్ళు ఉన్నారు. ఫోన్లో పాట వస్తుంది కదా అంటారు. వస్తుంది. క్రికెట్ చూసేవాణ్ణి ఎందుకు చూస్తావని ఎవరూ అడగరు. నేను సమాధానం చెప్పడం మానేశాను.

మాకు నియమాలు ఉన్నాయి. కొత్తది తెచ్చుకుంటే పాతది బయట అమ్మకూడదు. వాడకుండా మూల పెట్టిన వస్తువు ఏదైనా సరే, వరసలో తర్వాతి ఇంటికి పోవాలి. వరస కుప్పం నుంచి మదనపల్లెకు, అక్కడి నుంచి పుంగనూరుకు, మళ్ళీ కుప్పానికి. టమోటా క్రేట్లలో పాత దుప్పట్లు పరిచి, స్పీకర్లు, యాంప్లిఫైయర్లు అన్న వ్యాన్‌లో పెద్దపంజాణి, పలమనేరు మీదుగా అటూ ఇటూ తిరిగేవి. ఇక కొత్త వస్తువు బాగుందా లేదా తేల్చడానికి ఒక మడత కుర్చీ. అందులో కూర్చున్నవాడు కళ్ళమీద తువ్వాలు వేసుకుని వినాలి. ఏది ఎప్పుడు మారుస్తున్నామో అతనికి తెలియకూడదు. వస్తువు తెచ్చినవాడు నోరు మెదపకూడదు. కుర్చీలోంచి వచ్చిన మాటే చివరిమాట.

ఆ కుర్చీ మొదటి రోజు నుంచీ మామది.

ఊరికే ఇవ్వలేదు. మా ఇంటికి తొలిసారి వచ్చినప్పుడు ఒక్క పాట విని, "ఎడం పక్క డబ్బాలో యాడో ఒక మర వదులుగా ఉండాది, సూడు" అన్నాడు. విప్పి చూస్తే వెనక పలక మీద ఒక మర అరచుట్టు వదులుగా ఉంది. అన్న ఇంట్లో గోడకు స్పీకర్లు ఎంత దూరంలో ఉండాలో అడుగులు కొలవకుండా చెప్పాడు. స్పీకర్ల కింద వేసుకోవడానికి మా ఇద్దరికీ ఫ్యాక్టరీలో మిగిలిన నల్లరాతి ముక్కలు తెచ్చిచ్చాడు. ఆ రాయి మీద పెట్టాక మద్దెల దెబ్బ గదంతా మోగకుండా, తోలు మీద పడ్డచోటే వినపడింది.

స్పీకర్ డబ్బాలో లావు శబ్దాలకు ఒక పెద్ద కోన్, సన్న శబ్దాలకు ట్వీటర్ అనే చిన్నది ఉంటాయి. ట్వీటర్ మరీ కీచుగా పలకకుండా దాని దారిలో ఒక రెసిస్టర్ పెడతారు. మామ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ తువ్వాలు కింద నుంచి ఒకటే మాట: "ఇంకొంచెం తెరువప్పా." మేము తెరిచేవాళ్ళం, అంటే ట్వీటర్ గొంతు పెంచేవాళ్ళం. నాలుగు ఓమ్‌ల రెసిస్టర్ రెండైంది, రెండు ఒకటైంది, చివరికి రెసిస్టరే తీసేసి తీగ వేశాం. ఒక ఇంట్లో చేసింది మిగతా రెండిళ్ళలో చేశాం. ఆ తర్వాత ట్వీటర్లే మార్చాం, ఇంకా పదునైనవి తెచ్చి.

మా అమ్మ మాత్రం పాట మొదలుకాగానే వంటింట్లోకి పోయేది. "స అక్షరం వచ్చినప్పుడంతా స్టీలు ప్లేటు మీద కత్తి గీసినట్టు ఉండాదప్పా" అనేది. కుప్పంలో అత్త కూడా తలుపు దగ్గరికి వేసుకునేది. ఆడవాళ్ళకు పెద్ద శబ్దం పడదని మేము ముగ్గురం తీర్మానించుకున్నాం.

కిందటేడు కొలిచే మైక్ ఒకటి తెప్పించుకున్నాను. పెన్సిలంత ఉంటుంది. స్పీకర్ ఏ శబ్దాన్ని ఎంత ఎక్కువగా, ఎంత తక్కువగా పలుకుతుందో కంప్యూటర్ మీద గీతగా చూపిస్తుంది. మా ఇంట్లో గీత మూడు వేల హెర్ట్‌జ్ దాకా సాఫీగా వచ్చి, అక్కణ్ణుంచి, సన్న శబ్దాల దగ్గర, మెట్టలా పైకి లేచింది. మైక్ చెడిందనుకున్నాను. పుంగనూరులో కొలిచాను. అదే మెట్ట. తర్వాతి ఆదివారం కుప్పం పోయి కొలిచాను. మూడు గీతలూ ఒకదానిమీద ఒకటి పెడితే ఒక్క మనిషి గీసినట్టున్నాయి.

అప్పుడు నేను ఆగి ఉండాలి. ఆగలేదు. టెస్టింగ్ పని చేసేవాడికి సగం లెక్క దగ్గర ఆగడం రాదు.

"మామా, ఒక్కో శబ్దం వదులుతా. వినపడినంతసేపు చెయ్యి ఎత్తి పెట్టు" అన్నాను. ఆయన తువ్వాలు కప్పుకుని, సరదాగా చెయ్యెత్తాడు. వెయ్యి హెర్ట్‌జ్, రెండు వేలు, మూడు వేలు, పోనుపోను సన్నగా. నాలుగు వేల దగ్గర చెయ్యి తడబడింది. ఐదు వేలు దాటాక కిందికి దిగింది.

"అయిపోయిందా?" అన్నాడు.

అయిపోలేదు. గది నిండా శబ్దం వస్తూనే ఉంది. నేనూ అన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతలో అత్త లోపలి నుంచి, "ఆ కీసు ఆపండప్పా, యాల అట్ల సెవులు కోస్తారు" అంది.

మామ తువ్వాలు తీశాడు. కంప్యూటర్ వైపు చూశాడు, తర్వాత వంటింటి వైపు చూశాడు. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మిషన్ కాడ సెవుల్లో దూది పెట్టుకోమనేవాళ్ళు" అన్నాడు. "పెట్టుకుంటే బ్లేడు రాయిలో యాడ పట్టుకుంటాండాదో తెలిసేది కాదు. నేను పెట్టుకోలేదు."

"దాందేముంది మామా" అన్నాడు అన్న.

"ఏముందేంది? మూడేళ్ళు మీ ఇండ్లు కూడా నేనే సెడగొట్టినా. ఈయప్ప గీత గీసి మరీ సూపిచ్చినాడు గదా."

ఆయన కుర్చీ మడిచి గోడకు ఆనించాడు. వంగి యాంప్లిఫైయర్ వెనక తీగలు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఆ యాంప్లిఫైయర్ ఆయన చేత్తో కట్టింది, అంగట్లో మేము ముగ్గురం పట్టుకున్న ట్రాన్స్‌ఫార్మర్ దాంట్లోనే ఉంది. "వాడనిది మూల పెట్టగూడదు గదా. కుప్పం తర్వాత మదనపల్లె. తీసుకోని పో" అన్నాడు.

నేను వద్దన్నాను. ఆయన వినలేదు. క్రేట్‌లో దుప్పటి కూడా ఆయనే పరిచాడు.

ఇంటికి తెచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"ఆ మధ్య మనింట్లో ఆయనకు జ్వరం తగిలింది కదా. థర్మామీటర్ పెట్టినా. అది కుయ్ కుయ్‌మని అరిసి అరిసి ఆగిపోయింది, ఆయన నోట్లో పెట్టుకోని అట్లే కూర్చోనుండాడు."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీ కుర్చీ కాడికి నన్నెప్పుడు పిలిసినారప్పా?"

ఆ సాయంత్రం మా స్పీకర్లలో రెసిస్టర్ మళ్ళీ పెట్టాను. క్వయర్ రికార్డింగ్ ఒకటి వేశాను. అమ్మ చేట పక్కన పెట్టి, పాట అయ్యేదాకా కూర్చుంది. మూడేళ్ళలో అదే మొదటిసారి.

ఇంకో తప్పు కూడా చేశాను. ఫోన్లో ఇలాంటి వ్యసనం ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి ఉంది. ఎక్కువమంది పెద్ద ఊళ్ళవాళ్ళు. మూడు గీతలూ అందులో పెట్టి, జరిగింది రాసి, ఏం చేయమంటారని అడిగాను. ఒకాయన ఇలా రాశాడు: ఐదు వేలు దాటి వినపడనివాడికి హైఫై దేనికి, ట్రాన్సిస్టర్ రేడియో చాలు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

నేను అంకెలు వేసి జవాబు రాశాను. ఒకటి, ఆయన విని పట్టిన వదులు మర లాంటిదాన్ని నా మైక్ ఇంతవరకు పట్టలేదు. రెండు, మీ హాల్లో మెరిసే నేల ఎవరో చెవులు పోగొట్టుకుని కోస్తే వచ్చింది. మూడు, ఎంత వినపడితే పాట వినే హక్కు వస్తుందో ఆ సంఖ్య చెప్పండి, మా ముగ్గురినీ కొలుచుకుంటాం, మీరూ కొలుచుకోండి. సంఖ్య ఎవరూ చెప్పలేదు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

కానీ కోపం ఒక్కటే చాలదు. మామ యాంప్లిఫైయర్ మూల క్రేట్‌లోనే ఉంది. నేను దానికి తీగ తగిలించలేదు.

లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాను. మైక్ ముందు గీత సాఫీగా ఉండాలన్నది నిజమే. అయితే శబ్దం మైక్ దగ్గర ఆగదు, చెవిలోకి పోతుంది. మామ చెవిలో ఎంత తగ్గిందో దాదాపు అంతే పైకి లేచింది మా మెట్ట. మూడేళ్ళూ ఆయన అడిగింది ఆయన చెవికి సరైనదే. తప్పు మాది: ఒక మనిషి చెవిని మూడిళ్ళకు తగిలించాం, ఇంకెవరినీ అడగలేదు. ఆ కొలత చూపించి ఆయన్ని కుర్చీలోంచి లేపిన తప్పు పూర్తిగా నాది.

ఒక చిన్న డబ్బాలో స్విచ్ కట్టాను. ఒక వైపు వేస్తే ట్వీటర్ రెసిస్టర్ గుండా పలుకుతుంది, రెండో వైపు వేస్తే నేరుగా పలుకుతుంది. కుర్చీలో చేతికందేంత పొడుగు తీగ పెట్టాను. తర్వాత అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, మామ యాంప్లిఫైయర్ రెండు వారాలుగా మా ఇంట్లో వాడకుండా పడి ఉంది. వరస ప్రకారం పుంగనూరుకు పంపుతున్నా."

అన్న నవ్వాడు. "పంపు. నేను గూడా రెండు వారాలు దుప్పటి తీయను" అన్నాడు.

తీయలేదు. రెండు వారాల తర్వాత ఆదివారం, చర్చి అయ్యాక, అమ్మను కూడా బస్సెక్కించి పుంగనూరు పోయాం. అక్కణ్ణుంచి వ్యాన్‌లో కుప్పం. క్రేట్ అమ్మ కాళ్ళ దగ్గర ఉంది.

మామ గడపలోనే నిలబడ్డాడు. "అది యాల తెచ్చినారు?"

"పుంగనూరులో మూల పడుంది మామా. వరసలో తర్వాతి ఇల్లు ఇదే" అన్నాడు అన్న.

"నాకు ఇనపడదని సెప్పి పోయినారు గదా. ఇప్పుడు జాలిపడి తెచ్చినారా?"

"జాలి కాదు మామా, నియమం" అన్నాను. "వద్దంటే మళ్ళీ మదనపల్లెకు పోతుంది. అక్కడా వాడరు. ఇంకో నెలకు మళ్ళీ వస్తుంది. డీజిల్ ఖర్చు అన్న మీద."

అత్త లోపలి నుంచి, "గడపలో యాల పంచాయితీ, లోపలికి రానీ" అంది.

టీపాయ్ మీద యాంప్లిఫైయర్ ఉండే చోటు ఖాళీగానే ఉంది. అక్కడ ఇంకేమీ పెట్టలేదు. నేను తీగలు బిగించి, స్విచ్ కలిపాను. అన్న గోడకు ఆనించిన కుర్చీ తెచ్చి వేశాడు. మామ చాలాసేపు దాన్ని చూసి కూర్చున్నాడు. తువ్వాలు ఆయనే వేసుకున్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి అమ్మకు కూడా ఒక తువ్వాలు ఇచ్చాను.

"ఈయమ్మ యాల?" అన్నాడు మామ తువ్వాలు కింద నుంచి.

"నీకు థర్మామీటర్ పెట్టింది నేనే" అంది అమ్మ. "నీ సెవి సంగతి ఈళ్ళకంటే ముందు నాకు తెలుసు. నోరు మూసుకోని వినప్పా."

మామ నవ్వాడు. నెల రోజుల తర్వాత.

నాదస్వరం రికార్డింగ్ వేశాను. చెప్పకుండా స్విచ్ ఏడెనిమిదిసార్లు అటూ ఇటూ మార్చాను. ప్రతిసారీ మామ ఒకటే బాగుందన్నాడు, రెసిస్టర్ లేకుండా నేరుగా పలికేదాన్ని. ప్రతిసారీ అమ్మ రెండోదే బాగుందంది. ఇద్దరిలో ఒక్కరూ ఒక్కసారి కూడా తడబడలేదు. కాగితం మీద టిక్కులు పెట్టి చూపించాను.

మామ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఐతే నేను తప్పు సెప్పలేదు" అన్నాడు.

"చెప్పలేదు మామా. మీ ఇంటికి."

"మా ఇంట్లో నా దిక్కే ఉంటాది. ఎవురికన్నా సెవి నొప్పైతే బయట కూర్చోండి."

"నేను బయటికి పోను" అంది అమ్మ, తువ్వాలు తీసి. "క్వయర్ పాట వేసినప్పుడు నా దిక్కుకు తిప్పుతా. నీ నాదస్వరానికి నువ్వు తిప్పుకో."

ఎవరి పాట ముందనే దాని మీద ఇద్దరూ వాదించుకోవడం మొదలుపెట్టారు. అత్త వచ్చి అమ్మ పక్కన గడప మీద కూర్చుంది, తలుపు వేయలేదు. నేను మైక్ సంచిలోంచి తీయలేదు. మామ కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాచి స్విచ్ తన వైపుకు వేసుకుని, "ఆ కుడి పక్క రాయి అర అంగుళం వెనక్కి జరుపప్పా, గోడ మోగుతాండాది" అన్నాడు.

జరిపాను. ఆయన చెప్పింది నిజమే.