ఎదురుగాలి లెక్క

తెరచాప పడవలో చేపల వేటకు పోయే ఓబయ్యకు దూరం మైళ్లలో తెలియదు. ఏ ఊరి పేరు చెప్పినా వేలు తడిచేసి పైకెత్తి గాలి చూస్తాడు. వెనకగాలికి ఇంతసేపు, ఎదురుగాలికి రెండింతలు అంటాడు. పట్టాళంలో చేరిన కొడుకు మస్తానయ్య, సోమవారం పొద్దున ఆరింటికి మద్రాసులో విమానమెక్కి ఢిల్లీ పోతున్నానని జాబు రాసినాడు.

"పదకొండొందల మైళ్లు. ఆరు గంటల్లో దిగుతాడంట," అన్నాడు జాబు చదివిపెట్టిన పోస్టుమాను.

"ఇప్పుడు ఉత్తరపు గాలి కదయ్యా?"

"విమానానికి గాలితో పనేంది ఓబన్నా!"

"గాల్లో పోయేదానికి గాలితో పని లేదా?"

సోమవారం ఓబయ్య వేటకు పోలేదు. మధ్యాహ్నం భార్య పోలేరమ్మ కూటికి పిలిస్తే, "వాడింకా సగందారిలోనే ఉన్నాడు" అని ఒడ్డున కూర్చుండిపోయినాడు. పొద్దు గుంకినాక పంచె దులుపుకుని ఇంటికొచ్చినాడు.

"దిగుంటాడు. పెట్టు. నువ్వూ తిను."