అయ్య పెట్టిన ఆనపపాదు

మొన్న మా కోడలు డాబా మీద మొక్కలకని బజారు నుంచి ఒక సంచీ తెచ్చి కత్తెరతో మూతి కోసింది. ఎండుచేపల పొడి. సేంద్రియ ఎరువట. తను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం సంచీ మీదికి వంగాను. పన్నెండేళ్ళ పిల్లగా విశాఖపట్నం హార్బరు పక్క జాలర్ల వాడలో పీల్చిన మా వాకిలి వాసన అది.

తొంభైల మొదట్లో మా వాడంటే తాటాకు ఇళ్ళు, ఇళ్ళ మధ్య ఇసుక, ఇసుక మీద పరిచిన పాత వలలు, వలల మీద ఎండబోసిన కవ్వళ్ళు, నెత్తళ్ళు లాంటి చేపలు, వాటి చుట్టూ కాకులు, కాకుల్ని తోలడానికి నాలాంటి ఆడపిల్లలు. పొద్దున్నే బోట్ల ఇంజన్ల చప్పుడు, మధ్యాహ్నం ఓడకూత, గాలి మళ్ళితే కూటికుండ మూత మీద కూడా పేరుకునే హార్బరు ఇనపఖనిజం ఎర్రటి దుమ్ము. చింతపిక్కల ఆటలో ఎవరు గెలిచినా ఆఖరికి అందరం పీతల వెంట పరిగెత్తేవాళ్ళం. ఆ ఇసుకలో కూరలు పండించిన ఇల్లు మాదొక్కటే. మా మామ్మ, అంటే మా అయ్యని కన్నతల్లి, ఎలమంచిలి వైపు నుంచి కోడలిగా వచ్చింది. చిన్నప్పుడు రైతుల చేలల్లో కూలి చేసిందట. ఆకుపచ్చ కనబడకపోతే ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఆమె పద్ధతి ఆమెది. ఇసుకలో చెయ్యి మునిగేంత గుంట తవ్వి, అడుగున గోనెపట్టా వేసి, దాని మీద చేప తలకాయలు, పేగులు, రొయ్య పొట్టు పోసి, పైన పొయ్యి బూడిద, పాతూరి సాయిబు చేపలకి మారుగా ఇచ్చే మేకల పెంట, కొండ పక్క నుంచి తట్టలతో మోసుకొచ్చిన ఎర్రమన్ను కప్పి, కుక్కలు తవ్వకుండా ముళ్ళకంప పెట్టేది. ఇరవై రోజులయ్యాక లోపలికి చెయ్యి పెట్టి చూసేది. వేడి తగ్గితేనే గింజ. ఇది కాక దొడ్లో ఒక కుండ ఉండేది. అందులో చేప పేగులు, బెల్లం మడ్డి వేసి ముగ్గబెడితే ఎర్రగా, చిక్కగా రసం దిగేది. వారానికోసారి చెంబుడు రసం బకెట్ నీళ్ళల్లో కలిపి మొక్కలకి పోసేవాళ్ళం. తోటకూర మోకాలెత్తున లేచేది.

"ఇసకలో కూరలు పండిత్తన్నావేటే ముసలీ, రేపు సముద్రంలో వరి కూడా ఊడుత్తావేటి?" అనేది పక్కింటి నూకాలు.

"నీ మొగుడు తాగేసి ఈ ఇసకలోనే కదే దొర్లతాడు. దొర్లినోడు నాలుగు గుంటలు తవ్వితే నువ్వూ తిందువు" అనేది మామ్మ, తల ఎత్తకుండానే. కాసేపటికి నూకాలే గిన్నె పట్టుకుని తోటకూరకి వచ్చేది.

అయ్యకి ఆనపకాయలో ఎండురొయ్యలు వేసి వండితే కూరకుండ ఖాళీ. ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో పెద్ద సొరచేప తలకాయ ఒకటి మోసుకొచ్చి, తనే గుంట తవ్వి పాతిపెట్టి, మన్ను చల్లబడ్డాక పూర్ణా మార్కెట్లో కొన్న నాలుగు గింజలు గుచ్చాడు. "ఒలే గుంటా, దీనికి నీల్లు పొయ్యడం నీ పని. కాసినాక కాయ నాకు, తొడిమ నీకు" అన్నాడు. మొలకలు రెండాకులెయ్యకముందే వేటకెళ్ళాడు. తిరిగి రాలేదు. ఓడ తగిలిందన్నారు కొందరు, గాలన్నారు కొందరు. బోటు పలకలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, మనుషులు రాలేదు. ఆ బోటులో వెళ్ళిన మిగతా ఇద్దరి ఇళ్ళల్లో పదకొండో రోజుకే తంతు ముగించారు. మా ఇంటికి కులపెద్దలు వస్తే మామ్మ అమ్మకి అడ్డంగా గుమ్మంలో కూర్చుంది.

"ఆడు పెట్టిన పాదు బతికే ఉంది. దాని తొలికాయ కోసి ఆడి పేరున వండినదాకా నా కోడలి గాజులు ఎవులూ ముట్టుకోకండి. ఆలోగా రాకపోతే నానే పిలుత్తాను."

పెద్దలు ఒప్పుకున్నారు. అమ్మ ఆ రోజు నుంచి పాదు వైపు చూసి గానీ ముఖం కడిగేది కాదు. తీగ తాటాకు చూరెక్కింది, తెల్లపూలు పూసింది, పిందె వేసింది. ఉగాది ముందొచ్చే కొత్తమావాస్య పండగకి వాడంతా కోడికూర వాసనేస్తుంటే మేం గంజి తాగాం. అప్పటికి పిందె నా బొటనవేలంత.

కుళాయి వీధి చివర. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్ళు. వరసలో నిలబడలేక నాకు ఏడుపొచ్చేది. ఒక పొద్దున మామ్మ రసం కుండ కూడా అడుగంటింది. చూస్తే దొడ్లో సిమెంటు తొట్టి ఉంది. చేపల్ని ఎండేసేముందు ఉప్పులో ఊరబెట్టే తొట్టి. అందులో ఎర్రగా, చిక్కగా, అచ్చం మామ్మ కుండలో రసం లాగే ఉంది. వాసనా అదే. వారం రోజుల చేపల సారం, బలం ఎక్కువని అనుకున్నాను. రెండు బకెట్లు పోశాను. ఉప్పు మాట నాకు తట్టలేదు. సముద్రం పక్కన పుట్టినదాన్ని, తట్టలేదంటే ఎవరు నమ్ముతారు.

మర్నాటికి ఆకు అంచులు మాడాయి. మూడో రోజుకి తీగ తాడైపోయింది. పిందె నల్లబడి రాలింది. వాడ వాడంతా వచ్చి చూసింది. "సముద్రం సెప్పీసింది" అంది నూకాలు, ఈసారి వేళాకోళం లేదు. మామ్మ పాదు దగ్గర కూర్చుని చిటికెడు మన్ను నాలిక మీద వేసుకుంది. ఉమ్మింది. నా వైపు చూసింది. తర్వాత లేచి, "ఏరుపురుగు" అంది అందరితో, వేళ్ళకి పురుగు పట్టిందన్నట్టు. ఆ సాయంత్రమే పెద్దల్ని పిలిచింది. అమ్మ చేతులు రెండూ చాపి కూర్చుంది. ఏడవలేదు. గాజుపెంకులు ఇసుకలో పడితే చప్పుడు కూడా రాలేదు.

మర్నాడు మామ్మ, నేను ఆ గుంటలో మన్నంతా తట్టలతో ఎత్తి సముద్రంలో పోశాం. సగం దారిలో నేను నోరు తెరవబోతే ఆపింది. "ఏటీ సెప్పకు. మీ అమ్మకి ఎదురుసూపు ఒగ్గీడానికి ఒక రోజు దొరికింది." ఆ మాట అమ్మ మీద జాలితో అన్నదో, నన్ను కాయడానికి అన్నదో అప్పుడూ తెలియలేదు, మనవల్ని ఎత్తుకున్నాకా తెలియలేదు. కొత్త మన్ను పోసి బచ్చలి పెట్టాం. ఆపైన నా పెళ్ళిదాకా ఆ తోట నేనే చూశాను. ఏ నీళ్ళయినా ముందు నాలిక మీద వేసుకుని గానీ పోసేదాన్ని కాదు. మా ఇంట్లో మళ్ళీ ఆనప పెట్టలేదు. అయ్యా రాలేదు. ఎలాగూ రాడని అందరికీ తెలుసు. కానీ ఆయన లేడన్న రోజుని సముద్రం ఎంచలేదు, నేను ఎంచాను.

ఇప్పుడు ఆ వాడ లేదు. ఇసుక మీద సిమెంటు రోడ్డు పడింది, ఇళ్ళు మేడలయ్యాయి, సాయిబు మేకలూ లేవు. మామ్మ ఎప్పుడో పోయింది. అమ్మ మంచాన పడ్డ ఆఖరి నెలలో రోజూ నేనే స్నానం చేయించాను. నూనె రాసేటప్పుడు ఆ బోసిచేతులు నా చేతుల్లో ఉండేవి. ఒక రోజు చెప్పేద్దామని, "అమ్మా, ఆనపపాదు..." అన్నాను.

"సూరెక్కింది కదే" అంది, కళ్ళు మూసుకునే. "ఎంత పువ్వు పూసినాదో."

పువ్వు దగ్గరే ఆగిపోయింది. నేను కూడా అక్కడే ఆగి, చెంబు ముంచి ఆమె భుజాల మీద నీళ్ళు పోశాను.