తీగ కలపని పెట్టె

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే మధ్యలోనే ఆపేసే రకం నేను. నా వృత్తి అలాంటిది. కారులో ఎక్కడి నుంచో గరగరమని చప్పుడు వస్తోందంటూ జనం నా దగ్గరికి వస్తారు. వెతికితే ఏదో ఒక స్క్రూ వదులై ఉంటుంది, లేదా డోరు లోపల రేకు కొట్టుకుంటూ ఉంటుంది. ఇన్నేళ్ళలో కారణం లేని చప్పుడు నాకు ఒక్కటీ తగల్లేదు. అందుకే ఈ సంగతి చాలా రోజులు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద నాకు కార్ల ఆడియో షాపు ఉంది. ముఖ్యంగా సబ్‌వూఫర్ పెట్టెలు చేస్తాను. కారు వెనక నుంచి దుమ్ దుమ్మని గుండెకు తగిలే మోత ఉంటుందే, అది సబ్‌వూఫర్‌ది. ఆ స్పీకరు కంటే దాన్ని బిగించే చెక్కపెట్టే ముఖ్యం. లోపల ఎన్ని లీటర్ల గాలి పట్టాలి, ఆ గాలి బయటికి వచ్చే గొట్టం ఎంత పొడవుండాలి అన్నది లెక్క కట్టి కోయాలి. అంగుళం తేడా వస్తే మోత మొత్తం పాడవుతుంది.

కిందటేడు వర్షాలు తగ్గాక ఎర్రయ్య అనే ఆయన పాత వ్యానుతో షాపుకి వచ్చాడు. సముద్రం ఒడ్డు ఊరు, ఎండు చేపల వ్యాపారం. యాభై దాటి ఉంటాయి. వెంట కూతురు రత్నం. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఊళ్ళో బట్టలు కుడుతుంది.

"దీనికి పుట్టుక నుంచీ ఇనబడదు తమ్ముడూ. బండిలో పాటెడితే డోరు మీద సెయ్యేసుకుని కూకుంటాది. సరిగ్గా తెల్డం నేదంట. దానికి తెలిసీలాగ ఏటైనా సెయ్యగలవా?" అన్నాడు ఎర్రయ్య.

చేస్తానన్నాను. అంత సులువు కాదని తర్వాత తెలిసింది.

మొదటి పెట్టె అన్ని వైపులా మూసి, గాలి దూరకుండా చేశాను. వ్యాను అద్దాలు అదిరాయి. రత్నం సీటులో కూర్చుని, కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది. రెండోదానికి గొట్టం పెట్టాను. మోత పెరిగింది గానీ, ఆ అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుని, తర్వాత వీపు చూపించి, ఇక్కడికి రావడం లేదని సైగ చేసింది.

అప్పుడు అర్థమైంది నా తప్పు. పెట్టె అదరకూడదని నేర్చుకున్నవాణ్ణి నేను. పాట మోగుతున్నప్పుడు నా పెట్టె మీద రూపాయి బిళ్ళ నిలబెడితే పడకూడదు. ఈ అమ్మాయికి కావలసింది అదరని పెట్టె కాదు, అదిరే పెట్టె. ఎర్రయ్య మొహమాటపడి, "పోనీలే తమ్ముడూ, ఒగ్గీ" అన్నాడు. నేను వదల్లేదు. మూడోదాన్ని కొత్తగా మొదలుపెట్టాను. సీటు కింద పట్టేలా వెడల్పుగా, పల్చగా, పైపలక మాత్రం సన్నటి ప్లైవుడ్‌తో. గొట్టాన్ని పొడవు చేసి లోపలే వంచాను. నాలుగు రోజులు పట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పెట్టెలో స్పీకరు బిగించి బల్ల మీద ఉంచాను. తీగలు ఇంకా కలపలేదు. అంతలో వీధంతా కరెంటు పోయింది. తండ్రీకూతుళ్ళు నా ఎదురుగానే ఉన్నారు. రత్నం ఊరికే పైపలక మీద అరచెయ్యి ఆనించింది.

ఆనించి, ఉలిక్కిపడి తీసేసింది. మళ్ళీ పెట్టింది. ఈసారి తియ్యలేదు.

నన్ను చూసి రమ్మని తల ఊపింది. వెళ్ళి చెయ్యి పెట్టాను. లోపలి నుంచి మెత్తగా తడుతున్నట్టుంది. మూడుసార్లు, కాస్త ఆగి ఒకసారి. మళ్ళీ మూడు, ఆగి ఒకటి.

నా నాడి అనుకున్నాను. మణికట్టు పట్టుకుని చూశాను, నాడి చాలా వేగంగా ఉంది. ఇది తీరిగ్గా ఉంది. బయటికి వెళ్ళి చూశాను. జనరేటర్ లేదు, లారీ లేదు. నేల అదురు అందకుండా పెట్టెను దించి పాత టైరుపై పెట్టాను. ఆగలేదు. పక్కనున్న మొదటి పెట్టె మీద చెయ్యి పెడితే ఏమీ లేదు.

స్పీకరు పొర కదిలితే దాని తీగల్లో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. మీటరు తెచ్చి పెట్టాను. ప్రతి తట్టుకీ అంకె లేచి పడుతోంది. స్క్రూలు విప్పి స్పీకరు తీసేశాను. ఎలుక లేదు, పురుగు లేదు. ఖాళీ పెట్టె మీద చెయ్యి పెడితే అదే వరస.

రత్నం కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తండ్రి వెనక నిలబడి ఆయన వీపు మీద తట్టి చూపించింది. మూడుసార్లు, ఆగి ఒకసారి. ఎర్రయ్య అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"మాయమ్మ," అన్నాడు. "సిన్నప్పుడు దీన్ని మాయమ్మే పెంచింది. జోలపాట ఇనబడదు కదా, ఈపు మీద ఇలగే తట్టి పడుకోబెట్టేది. పోయి తొమ్మిదేళ్ళయ్యింది."

ఆయన ఈ మాట చెప్పకముందే నేను ఆ వరస లెక్కపెట్టి ఉన్నాను. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

ఎర్రయ్య లేచి వచ్చి నా చేతి పక్కనే తన చెయ్యి పెట్టాడు. నా అరచేతికి తెలుస్తూనే ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మార్చాడు. చెంప ఆనించాడు.

"నాకేటీ తెల్డం నేదు తమ్ముడూ."

మరి కాసేపటికి ఆగిపోయింది. తర్వాత కరెంటు వచ్చింది.

సాయంత్రానికి పెట్టెను వ్యానులో సీటు కింద బిగించి పాట పెట్టాను. రత్నం కళ్ళు మూసుకుని పాటకు సరిగ్గా తల ఊపుతూ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు పెట్టెలైనా చేసేవాణ్ణే. వెళ్ళే ముందు ఎర్రయ్య డోరు పట్టుకుని ఆగాడు.

"కన్నతల్లి కదా. నాకెందుకు తెలీనేదంటావ్?"

ఆయన ఎక్కాక డోరు నేనే మూశాను.

తర్వాత అవే కొలతలతో, అదే ప్లైవుడ్‌తో ఇంకో మూడు పెట్టెలు చేశాను, కారణం పట్టుకోవాలన్న పంతంతో. కరెంటు పోయినప్పుడల్లా చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. ఆ తట్టు ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఏదో ఒక కారణం ఉండే ఉంటుందని, ఎవరో ఒకరు చెబుతారని అనుకుంటాను. కానీ మీటరులో అంకె లేవడం ఆయనా చూశాడు. పలక మీద పక్కపక్కనే రెండు చేతులు. ఏ సంబంధమూ లేని నా చేతికి తెలిసింది, ఆ కొడుకు చేతికి తెలియలేదు. దీనికి మాత్రం ఏ లెక్కా కుదరడం లేదు.