ఒక్క కెమెరా, ఇద్దరి అలక

ఆ రోజుల్లో నా కంటికి కనిపించిన ప్రతిదీ ఒక ఫ్రేమే. బస్సు కిటికీ ఫ్రేమే, ద్వారబంధం ఫ్రేమే, ఆఖరికి మా అమ్మ అట్లు పోస్తున్నా రెండు చేతుల వేళ్ళతో చతురస్రం కట్టి ఒంటికన్నుతో అందులోంచి చూసేదాన్ని. "అట్టు మాడిపోతోంది, అలా చూస్తూ నిలబడకపోతే కాస్త తియ్యొచ్చుగా!" అని అమ్మ అరిస్తే, "తీస్తున్నానుగా!" అనేదాన్ని. (ఆవిడ చెప్పింది పెనం మీంచి తియ్యమని, నేను చెప్పింది సినిమా సంగతి.) డిగ్రీ గట్టెక్కగానే రాజమండ్రిలో ఒక మిఠాయి కొట్టు మేడ మీద నడిచే చిన్న శిక్షణ సంస్థలో చేరాను. ఒకే కెమెరాతో సినిమాలూ, టీవీ కార్యక్రమాలూ ఎలా తియ్యాలో అక్కడ నేర్పేవారు. అదొక గొప్ప పద్ధతి అని మాకు చెప్పారు, నిజమే, కానీ ఆ సంస్థకి ఉన్నదే ఒక్క కెమెరా అన్న సంగతి ఫీజు కట్టాక తెలిసింది.

మా మాస్టారికి మేం పెట్టుకున్న పేరు కట్ మాస్టారు. ఎవరైనా రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడితే చేత్తో గాలిని కోస్తూ "కట్" అనేవారు. ఆయన మొదట చెప్పిన పాఠం నాకిప్పటికీ నోటికొచ్చు. "ఇద్దరు మాట్లాడుకుంటున్నారనుకోండి. ముందు ఇద్దరూ కనపడేలా సీనంతా ఒకసారి తియ్యండి. అవే మాటలు మళ్ళీ చెప్పించి ఆయన మొహం తియ్యండి. ఇంకోసారి చెప్పించి ఆవిడ మొహం తియ్యండి. మూడుసార్లు జరిగింది చూసేవాళ్ళకి ఒక్కసారే జరిగినట్టుండాలి. అంతేనండి మన పనితనం." కోర్సు చివర పెట్టిన పరీక్ష కూడా అదే. భార్యాభర్తలు కాఫీ తాగుతూ మాట్లాడుకునే చిన్న సీను ఒకటి తియ్యాలి. బాగా తీసినవాళ్ళని తనకు తెలిసిన స్టూడియోలో పనికి పంపిస్తానన్నారు. ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు.

భార్యాభర్తలనగానే నాకు కొవ్వూరులో ఉన్న పెదనాన్న, దొడ్డమ్మ గుర్తొచ్చారు. పెదనాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ వసారా నిండా పొద్దుటి ఎండ, పక్కన మందార కుండీ. ఇంతకన్నా మంచి సెట్టు ఎక్కడ దొరుకుతుంది? నా క్లాస్‌మేట్ ట్రైపాడ్‌ని (కెమెరా నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండులా పొడుగ్గా, సన్నగా, ఎక్కడ నిలబెడితే అక్కడే కదలకుండా ఉంటాడని ఆ పేరు) వెంటబెట్టుకుని, కెమెరాని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, వంతెన దాటి వాళ్ళింటికి వెళ్ళాను.

దొడ్డమ్మ కాఫీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది. "కాఫీ పెట్టానని మీ పెదనాన్నగారికి చెప్పవే చిట్టీ." పెదనాన్న అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉన్నారు. పేపర్లోంచి తలెత్తకుండా, "తాగుతానని మీ దొడ్డమ్మకి చెప్పమ్మా" అన్నారు.

సంగతేంటని వంటింట్లో ఆరా తీస్తే బయటపడింది. దొడ్డమ్మ చెల్లెలి గృహప్రవేశానికి ఇద్దరూ రైలెక్కి నరసాపురం బయల్దేరారు. నిడదవోలులో పెదనాన్న "ఇప్పుడే వస్తా" అని దిగారు. రైలు కదిలిపోయింది. టిక్కెట్లూ ఆయన జేబులోనే, ఫోనూ ఆయన జేబులోనే. ఒంటరిగా అంతదూరం వెళ్ళిన దొడ్డమ్మకి, తర్వాతి రైల్లో తాపీగా దిగిన పెదనాన్న చెప్పిన మొదటి మాట, "రైలు తొందరపడింది." అంతే. అప్పట్నుంచీ మాటల్లేవు.

"సీనులో ఆయన కాఫీ బాగుందంటారు. నువ్వు ఇంకొంచెం పొయ్యనా అంటావు. నువ్వు తాగావా అని ఆయన అడుగుతారు. అంతే దొడ్డమ్మా" అని బతిమాలాను. "ఆ మొహం చూస్తూ ఆ మాట నా నోట్లోంచి రాదే" అనేసింది. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఉన్నది ఒక్క కెమెరా, ఎవరి మొహం వాళ్ళకి విడివిడిగానే తియ్యాలి, మరి ఇద్దరూ ఒకేసారి ఎందుకు? దొడ్డమ్మని పొద్దున్న తీశాను, మందార కుండీని చూస్తూ మాట్లాడమన్నాను. పెదనాన్నని సాయంత్రం తీశాను. ఆయన్నీ ఆ కుండీనే చూడమన్నాను. (కుండీ బాగుంది కదా అని.)

మర్నాడు క్లాసులో తెర మీద వేస్తే అందరూ బల్లలు చరిచి నవ్వారు. దొడ్డమ్మా, పెదనాన్నా ఇద్దరూ కుడివైపుకే చూస్తూ, ఎవరో మూడో మనిషితో కాపురం చేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. ఆవిడ మీద పొద్దుటి ఎండ, ఆయన మీద ట్యూబులైటు. "పొద్దున్న ఆవిడ అడిగినదానికి ఆయన దీపాలు పెట్టాక జవాబిచ్చారా అమ్మా?" అన్నారు కట్ మాస్టారు. తర్వాత కాస్త జాలిపడి, "ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకో. కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒక పక్కనే ఉండాలి. అప్పుడే ఒకరు ఇటు చూస్తే ఇంకొకరు అటు చూస్తున్నట్టు పడుతుంది. నీ గీతేదమ్మా?" అని అడిగారు.

"వాళ్ళిద్దరూ కలిసి కూర్చోలేదండి."

"కట్. కూర్చోబెట్టు. రేపటి తర్వాత కెమెరా కొత్త బ్యాచ్‌కి వెళ్ళిపోతుంది."

మళ్ళీ కొవ్వూరు. "నా ఉద్యోగం పోతుంది దొడ్డమ్మా" అన్నాను ఏడుపు గొంతుతో. "రాకుండానే ఎలా పోతుందే?" అంది గానీ, చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. "నీకోసం కూర్చున్నానని ఆయనకి చెప్పు." ట్రైపాడ్ ముగ్గుపిండితో నేలమీద ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి గీత గీశాడు. "ఏంటబ్బాయ్ ఇది?" అన్నారు పెదనాన్న. "కెమెరా దాటకూడని గీతండి." దొడ్డమ్మ దాన్ని ఓసారి పరీక్షగా చూసి, "ఇలాంటిది రైలు గుమ్మం దగ్గర వేస్తే బాగుండేది, కొందరు దిగకుండా" అంది. పెదనాన్న దగ్గారు.

మొదటిసారి ఇద్దరూ కరెంటు బిల్లు చదువుతున్నట్టు చెప్పారు. రెండోసారి పెదనాన్న మొహం. ప్రతి షాటుకీ గ్లాసులో కాఫీ ఒకే మట్టాన ఉండాలని నేను పోస్తుంటే, ఆయన ప్రతిసారీ నిజంగానే తాగేస్తున్నారు. "తాగినట్టు నటిస్తే చాలు పెదనాన్నా!" అంటే, "ఏం చెయ్యనమ్మా, కాఫీ బాగుంది" అన్నారు. అది స్క్రిప్టులో మాటే. కానీ అన్న తీరు స్క్రిప్టులోది కాదు. దొడ్డమ్మ కొంగు సర్దుకుంది.

మూడోసారి దొడ్డమ్మ మొహం. కెమెరాలో పెదనాన్న తల వెనకభాగం మాత్రమే పడుతుంది, మాటలు అందిస్తే చాలు. "నువ్వు తాగావా?" అనాల్సిన చోట ఆయన ఆగిపోయారు. గొంతు తగ్గించి, "ఆ రోజు నీకోసమే దిగాను" అన్నారు.

"నాకోసమా?"

"వేడి ఇడ్లీ కనపడింది. పొద్దున్నుంచీ నువ్వేం తినలేదుగా."

"మరి ఆ ఇడ్లీ ఏదండీ? నాకు కనపడనే లేదే!"

"రైలు వెళ్ళిపోయిందా... చల్లారిపోతుందని నేనే తినేశాను."

"మొత్తమా?"

"చట్నీ కూడా ఇచ్చాడు మరి."

దొడ్డమ్మ పెదాలు బిగించింది. బుగ్గలు ఉబ్బాయి. ఆపుకుందామని చూసింది గానీ ఆగలేదు. ఒక్కసారి ఫక్కున నవ్వింది, చేతిలో గ్లాసు అదిరి కాఫీ అంతా చీర మీద ఒలికింది. ఇంకా నవ్వుతూనే, "నలభయ్యేళ్ళు లెక్కలు చెప్పారు, నాకో రెండు మిగల్చడం రాలేదా?" అంది. ఆయనతోనే అంది, నన్ను అడ్డం పెట్టుకోకుండా. నేను కట్ చెప్పడం మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను. "ఇది మనం రాశామా?" అని ట్రైపాడ్ నా చెవిలో గొణిగాడు.

కట్ మాస్టారు ఆ సీను చూసి తప్పులు వరసపెట్టి చెప్పారు. ఈ షాట్‌లో చీర తడి, తర్వాతి షాట్‌లో పొడి. లేని మాటలేవో వచ్చాయి. నవ్వు మధ్యలో కెమెరా కదిలింది. అన్నీ చెప్పి, దొడ్డమ్మ నవ్విన చోటికి వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. "మార్కులు తీసేస్తాను. ఆ షాట్ మాత్రం తీసెయ్యకు" అన్నారు. స్టూడియోకీ పంపించారు. (అక్కడ నాకిచ్చిన మొదటి పని కేబుళ్ళు చుట్టడం.)

ఇప్పుడు నేను పనిచేసే చోట నాలుగు కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి. ఎవరూ ఏ మాటా రెండోసారి చెప్పక్కర్లేదు, ఎవరెదుటా కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూడక్కర్లేదు. పని తొందరగా అయిపోతుంది. మొన్న పాత హార్డ్‌డిస్కు సర్దుతుంటే ఆ రోజు తీసింది కత్తిరించకముందు ఉన్నది ఉన్నట్టు దొరికింది. నవ్వు అయిపోయాక కూడా కెమెరా చాలాసేపు తిరుగుతూనే ఉంది. కుర్చీల్లో ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఇంతలో ఫ్రేములోకి ఒక బక్కపిల్ల వచ్చింది, అప్పటి నేనే. తలకి హెడ్‌ఫోను, దాని తీగ దేనికీ తగిలించకుండా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. "ఎవరూ కదలకండి! ఎక్కడివాళ్ళక్కడే ఉండండి!" అని చేతులూపుతూ కేకలేస్తోంది. వాళ్ళిద్దరూ దాని వంక చూడను కూడా లేదు.

ఇంక నీ అవసరం లేదు, పక్కకి తప్పుకోవే అని ఆ పిల్లకి చెప్పాలనిపించింది. చెప్పినా వినదు. చెవులకి హెడ్‌ఫోను ఉందిగా.