జోడు చూసిన చేతులు

మొన్న భేజ్జి సంత నాడు పొద్దున్నే మా మామగారు పోయారు. కబురు సంతకు చేరేసరికి, పుంజుల్ని చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళు పందెం మాటే ఎత్తకుండా ఇళ్ళకు తిరిగిపోయారట. జోడు చూసే మనిషి లేనప్పుడు ఎవరి పుంజును ఎవరి మీదకు వదులుతారు?

జోడు చూడటం అంటే ఏమిటో తెలియనివారికి చెప్పాలి. పందేనికి ముందు రెండు పుంజులనూ ఆయన చేతికిచ్చేవారు. చెరో అరచేతి మీద ఒకదాన్ని కూర్చోబెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు తూచేవారు. బరువూ వయసూ సరిపోతే "కానియ్యండి" అనేవారు. లేకపోతే "జోడు గాదు" అని తిరిగి ఇచ్చేసేవారు. ఆ మాటకు ఎదురుండేది కాదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన రంగూన్ రేవులో కూలి చేశారు. అక్కడ ఓడలవాళ్ళ గుద్దులాటలు చూసి బాక్సింగు పిచ్చి తలకెక్కించుకున్నారు. తిరిగొస్తూ అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ అచ్చుబొమ్మ ఒకటి తెచ్చుకున్నారు. నేను గొల్లపల్లికి కోడలిగా వచ్చిన కొత్తలో హెవీవెయిట్ అంటే ఏమిటని అడిగితే, "పెద్ద బరువోళ్ళమ్మా. నాలాంటోళ్ళు" అని రొమ్ము విరుచుకున్నారు. నిజానికి ఊళ్ళో ఆయనంత భారీ మనిషి లేడు.

తర్వాతెప్పుడో కుంట దుకాణంలో బెల్లం చుట్టిచ్చిన పత్రికలో ఇప్పటి ఛాంపియన్ బొమ్మ దొరికింది. ఇక మా వాకిట్లో రోజూ పేచీయే. పక్కింటి దొర్ల తెగ పెద్దాయన మా మామగారికి ప్రాణస్నేహితుడు. ఇప్పసారా దొప్ప పక్కన పెట్టి మొదలుపెట్టేవాడు.

"ఏంది బావా, ఇద్దర్ని కొట్లాటకు దింపితే ఎవడు పడతడు? ఇయ్యాల ఫైసలా చెయ్యి."

మామగారు చెరో అరచేతిలో ఒక బొమ్మ పెట్టుకుని, పుంజుల్ని తూచినంత శ్రద్ధగా తూచేవారు.

"జోడు గాదు. ఆని కాలంల ఆడు గెలిచిండు, ఈని కాలంల ఈడు. ముసలోణ్ణి తీస్కొచ్చి పడుచోని ముంగట నిలబెడ్తే అది పందెమా?"

"ఎప్పుడూ గిదే మాట!" అని పెద్దాయన తీర్పు దొరక్క విసుక్కునేవాడు. నాకైతే నవ్వాగేది కాదు.

నవ్వు రాని పోలిక ఇంకొకటి ఉండేది. సంస్థానం వారి అడవి డిపోలో మామగారు ఒకప్పుడు టేకు దుంగను ఒక్కరే భుజానికెత్తుకునేవారట. చలిజ్వరంతో చిక్కి సగమైన మా ఆయన, అదే డిపోలో, సాయం లేనిదే ఎత్తలేకపోయేవారు. అయ్యకు తగ్గ కొడుకు కాదని అక్కడందరూ అనేవారు. మామగారు ఒక్కనాడూ అనలేదు. అయినా తండ్రి కూడా మనసులో అదే అనుకుంటున్నారేమోనని మా ఆయన కుమిలిపోవడం నేను చూస్తూనే ఉండేదాన్ని.

పోయిన వానాకాలంలో మామగారికి కాళ్ళు పడిపోయాయి. ఆ తర్వాత ప్రతి ఉదయం మా ఆయన తండ్రిని రెండు చేతుల మీద ఎత్తుకుని, వాకిట్లో ఎండపొడకు తెచ్చి, నులకమంచం మీద పడుకోబెట్టేవారు. సంత నాడు మాత్రం జోడు చూడటానికి బండిలో తీసుకెళ్ళేవారు. "ఇగ నేను హెవీవెయిట్ గానమ్మా, పుంజంత అయిన" అని మామగారు నాతో నవ్వేవారు.

ఆఖరి రోజుల్లో ఒక పొద్దున, మంచం మీదకు దించబోతుంటే మామగారు "ఆగు" అన్నారు. కొడుకు చేతుల్లో ఉండగానే, తన అరచేతులు రెండూ అతని భుజాలకు ఆనించి కళ్ళు మూసుకున్నారు, అచ్చం సంతలోలాగే. మంచం పక్కన కూర్చున్న పెద్దాయన దగ్గరికి జరిగాడు.

"నీకూ నాకూ జోడు గాదురా కొడకా."

మా ఆయన ముఖం వాడిపోయింది.

"నేను దుంగల్ని మోసిన. పడేసినంక మళ్ళ తిరిగి చూడలే. నువ్వు నన్ను ఒళ్ళు అదరకుండ దించుతవ్. నీదే ఎక్కువ బరువు. ఇది ఫైసలా."

అన్నేళ్ళుగా ఫైసలా అడిగిన పెద్దాయన, అది విని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నాకూ ఏడుపాగలేదు.

ఆ బొమ్మలు రెండూ గోడకు పక్కపక్కనే ఉన్నాయి. ఈ ఉదయం వాకిట్లోకి ఎండ రాగానే మా ఆయన అలవాటుగా లేచి లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి మామగారి బొంతను రెండు చేతుల మీద పట్టుకుని బయటికి వచ్చారు. మంచం దగ్గర వంగి, అదరకుండా, మెల్లగా దించారు.