ఉరిమితే ఆగే నెట్‌వర్క్

కొండల్ రావు చదివింది వృక్షశాస్త్రం. దేశం దాటొచ్చి ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక మందుల కంపెనీలో ఎనిమిదేళ్లపాటు కంప్యూటర్లకు టేపులు ఎక్కించి దించాడు. 1987లో అక్కడి మూడంతస్తుల ల్యాబ్‌కి నెట్‌వర్క్ వేయాలనుకున్నప్పుడు, సీలింగు పైసందులో పాకి కేబుల్ లాగగలిగేంత సన్నటి మనిషి ఆ బిల్డింగు మొత్తంలో అతనొక్కడే. లోపలికి పాకినవాడు రెండు రోజుల తర్వాత పార్కింగ్ లాట్‌లో తేలాడని చెప్పుకునేవారు. అది పూర్తిగా నిజం కాదు. ఒకటిన్నర రోజే పట్టింది. ఏమైతేనేం, కేబుల్ వేసినవాడికే దాన్ని కనిపెట్టుకునే పనీ అప్పగించి, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అన్నారు. ఆగస్టు ఆఖరు దాకా ట్రయల్ మీద.

జూన్‌లో ఒక వింత మొదలైంది. ఉరిమితే చాలు, నెట్‌వర్క్ ఆగిపోయేది. ఇరవై ఆరు కంప్యూటర్లూ ఒకేసారి మూగపోయేవి. కొండల్ రావు నిచ్చెన భుజాన వేసుకుని గది గదీ తిరిగేలోపు వాన వెలిసేది, నెట్‌వర్క్ దానంతటదే లేచి కూచునేది. బయటి కంపెనీవాళ్లు వచ్చి చూసి, పిడుగు కేబుల్‌లోకి దిగుతోందని తేల్చారు. మొత్తం మార్చేసి ఇకపై మేమే చూసుకుంటాం అన్నారు.

మేనేజర్ డోరిస్ అతన్ని పిలిచింది. "రావ్, గడువు లోపల ఇంకొక్కసారి ఆగిందంటే నెట్‌వర్క్ వాళ్లకి, టేపులు నీకు."

ఆ ఆదివారం మధ్యాహ్నం కొండల్ రావు ఇంట్లో టీవీ చూస్తుంటే ఉరిమింది. వెంటనే టీవీ నిండా చుక్కలు. దాని వెనక నుంచి భార్య గౌరి యాంటెనా వైరు చేత్తో పట్టుకుని లేచింది.

"ఎందుకు పీకినవ్?"

"ఉరుముతుంటే వైరు ఉంచుతరా ఎవరన్న? మా మేనమామ రేడియో ఎట్ల కాలిందో యాది లేదా?"

"మీ మేనమామ దాన్ని పొయ్యి మీద పెట్టి మరిచిపోయిండు."

"ఏదైతేంది, కాలింది గద!"

కొండల్ రావు నవ్వబోయి ఆగిపోయాడు. ఆఫీసు కేబుల్ కూడా నల్లగా, గుండ్రంగా, అచ్చం టీవీ వైరులాగే ఉంటుంది. మన ఊళ్ల అలవాటుగా ఉరుము వినగానే దాన్ని పీకే మనిషి ఆ ల్యాబ్‌లో ఎవరు? రెండో అంతస్తులో అనంతరామయ్య ఉన్నాడు. గుంటూరులో ఇరవై ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి వచ్చిన పెద్దమనిషి.

బుధవారం మబ్బు పట్టగానే కొండల్ రావు నిచ్చెన జోలికి పోకుండా రెండో అంతస్తుకు పరుగెత్తాడు. తొలి ఉరుము. అనంతరామయ్య కుర్చీ దిగి, కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టాడు.

"మాస్టారూ, ఆగండి!"

"ఆగడమేంటోయ్, నెత్తి మీద ఉరుముతుంటే! ఇదేమన్నా మా నాన్న కొన్నదా? కంపెనీ వస్తువు. కాలిపోతే?"

"మీరు ఆ వైరు పీకితే ఇరవై ఆరూ ఆగిపోతున్నయ్ సార్!"

"నా వైరు నేను పీక్కుంటే పక్కవాడికేం?"

"మీ వైరు, వాళ్ల వైరు అని లేదు మాస్టారూ. అందరికీ ఒకటే వైరు."

కొండల్ రావు వంగి చూపించాడు. కంప్యూటర్ వెనక ఇంగ్లీషు టీ అక్షరంలాంటి లోహపు ముక్క. దాని రెండు చేతులకూ చెరోవైపు నుంచి వచ్చిన కేబుల్, కాలేమో కంప్యూటర్‌లోకి.

"దీన్ని టీ కనెక్టర్ అంటరు. ఎవరు ఏం పంపినా అది ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా విడిపోయి ఈ కేబుల్ పొడుగునా పోతది. రెండు కొసలకూ టర్మినేటర్లని బిరడాలున్నయ్. అక్కడిదాకా వచ్చిన సిగ్నల్‌ను అవి మింగేస్తయ్. మీరు నడుమ తెంపితే మింగే దిక్కులేక సిగ్నల్ వెనక్కి మళ్లి, ఎదురొచ్చే ప్యాకెట్లను గుద్దుతది. ఇంక ఎవరి మాటా ఎవరికీ అందదు."

కిటికీ అద్దాలు గడగడలాడేలా మళ్లీ ఉరిమింది. అనంతరామయ్య చెయ్యి మళ్లీ వెనక్కి పోయింది.

"మరి నా కంప్యూటర్ గతి?"

"చేతుల్ని ముట్టుకోకండి. కాలు పట్టుకుని టీని మొత్తంగా ఊడదీయండి. కేబుల్ తెగదు, మీ పెట్టె బయటపడతది."

అనంతరామయ్య తిప్పి లాగాడు. టీ కేబుల్‌తో సహా వేలాడింది. పక్కగదిలో కీబోర్డు టకటకలు ఆగలేదు.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగదటోయ్?"

వాడేవాళ్లకి కొండల్ రావు ఒక్క భాగం పేరూ చెప్పలేదు. వాళ్లకి తెలియనంతకాలం తన అవసరం ఉంటుందని లోలోపల కాస్త ధీమా కూడా ఉండేది.

ఆ సాయంత్రమే డోరిస్‌కి కాగితం రాసిచ్చాడు. కారణం పిడుగు కాదు, వైరు ఎక్కడ ఊడదీయాలో చెప్పకపోవడం, ఆ తప్పు నాది అని.

"పీకింది ఎవరు?" అంది డోరిస్.

"నేను చెప్పి ఉండాల్సినవాళ్లు."

"సరే. గడువు మాత్రం మారదు."

మర్నాడు ప్రతి గదిలో ఒక పేజీ అంటించాడు. నోడ్ అంటే కేబుల్‌కి తగిలించిన ప్రతి యంత్రం. అడ్రస్ అంటే దాని ఇంటి నంబరు, ఇద్దరికి ఒకటే పెడితే ఇద్దరి ఉత్తరాలూ గల్లంతు. బ్రాడ్‌కాస్ట్ అంటే అందరూ విని తీరాల్సిన దండోరా. గేట్‌వే అంటే మన నెట్‌వర్క్ దాటి ఇంకో నెట్‌వర్క్‌లోకి వెళ్లే గుమ్మం. అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో టీ బొమ్మ. దాన్ని గదిగదికీ వెళ్లి వివరించే బాధ్యత అనంతరామయ్య తనంతట తాను నెత్తినేసుకున్నాడు. పిడుగుల మీద సొంత అధ్యాయం ఒకటి కలిపి మరీ చెప్పాడు.

ఆగస్టు ఆఖరి శుక్రవారం, పట్టపగలు ఆకాశం నల్లబడి, పార్కింగ్ లాట్‌లో కార్లు కూడా వణికేలా ఉరిమింది. సర్వర్ గదిలో కొండల్ రావు ఒక్కో నోడ్‌కీ సందేశం పంపి చూశాడు. మొదటిది పలకలేదు. రెండోదీ అంతే. పదోది, ఇరవయ్యోదీ పలకలేదు. ఆఖర్న డోరిస్ కంప్యూటర్ ఒక్కటీ పలికింది. కేబుల్ తెగి ఉంటే అదీ పలకకూడదు.

డోరిస్ తలుపు తోసుకొచ్చింది. "ఏమిటి, ఎవరూ జవాబివ్వడం లేదు?"

ఇద్దరూ అంతస్తులన్నీ తిరిగారు. ఎక్కడ చూసినా ఉద్యోగులు చేతులు కట్టుకుని కూచున్నారు. ప్రతి కంప్యూటర్ వెనకా ఒక టీ, కాలు ఊడి, చేతులు చెదరకుండా వేలాడుతోంది. అనంతరామయ్య ఇన్విజిలేటర్‌లా నడుస్తూ ఒక్కొక్కటే పరీక్షిస్తున్నాడు.

"రావ్, నెట్‌వర్క్ ఆగిందా లేదా?"

"ఒక్క క్షణం కూడా ఆగలేదు. దాని మీద ఎవరూ లేరంతే."

డోరిస్ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. అక్కడే ఎవరి బల్ల మీదో కాగితం తీసుకుని, కొండల్ రావుని పర్మనెంట్ చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టింది. దాన్ని హెడ్డాఫీసుకి ఫ్యాక్స్ చేయడానికి మాత్రం, ఆ మెషిన్ వైరూ పీకేసిన అనంతరామయ్య వాన వెలిసేదాకా ఒప్పుకోలేదు.