పీకడం ఫ్రీ

మా ఆయనది తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. డాలస్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయన జీతంలోంచి కొంత, వైద్యం ఖర్చులకని, హెల్త్ అకౌంట్‌లో పడేది. వాడకపోతే ఆ డబ్బు మనదే, ఏళ్ళ తరబడి అందులోనే ఉంటుంది, పెరుగుతుంది. కెనడాలో కాల్గరీకి వచ్చాక కొత్త కంపెనీ కూడా హెల్త్ అకౌంట్ ఇచ్చి, జనవరిలోనే అందులో కొంత వేసింది. రూల్స్ ఈమెయిల్‌లో వస్తే ఆయన తెరవనైనా లేదు. ఇవన్నీ తనకి కొట్టిన పిండి అన్నారు.

వేసవిలో నా పై వరస పన్నొకటి, నవ్వితే కనబడేది, సలపడం మొదలెట్టింది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే నిలుస్తుందని డెంటిస్ట్ చెప్పింది. ఇక్కడ జ్వరమొస్తే డాక్టరుకి పైసా ఇవ్వక్కర్లేదు గానీ, పళ్ళ ఖర్చు మనదే. ఆయన కంపెనీ ఇన్సూరెన్స్ క్లీనింగుకీ పీకడానికీ ఇస్తుంది, క్యాప్‌కి ఇవ్వదు. దానికి హెల్త్ అకౌంట్ వాడుకోవచ్చని రిసెప్షన్‌లో అమ్మాయే చెప్పింది.

కార్లో ఆ మాట ఎత్తగానే ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది ముట్టుకోకూడదు. దాస్తే పెరుగుతుంది. ముసలితనంలో పనికొస్తుంది."

"మరి నా పన్నండీ?"

"వచ్చే ఏడు ఇండియా వెళ్తాంగా, అక్కడ చవగ్గా చేయించేద్దాం. అందాకా లవంగం పెట్టుకో."

నాకు అప్పటికింకా ఉద్యోగం దొరకలేదు. లవంగం పెట్టుకున్నాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, ఒక పక్కనే నములుతూ నెలలు నెట్టాను. ఆయన మాత్రం రెండు పక్కలా సుబ్బరంగా నమిలేవారు.

తలా ఒక వంటకం తెచ్చుకున్న దీపావళి పాట్‌లక్‌లో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆయన పొదుపు మీద ప్రవచనం మొదలెట్టారు. నేను మరిచిపోయి ఆ సలిపే పన్నుతోనే చేగోడీ కొరికాను. పన్ను విరిగింది. నోరు పట్టుకుని ఆయన భుజం తట్టాను. "ఒక్క నిమిషం ఆగు" అని చెయ్యి చూపించి, హెల్త్ అకౌంట్ ఎందుకు ముట్టుకోకూడదో పూర్తిగా చెప్పాకే ఇటు తిరిగారు.

మర్నాడు డెంటిస్ట్ చూసి, పగులు వేరు దాకా పోయిందనీ ఇక నిలపలేననీ చెప్పి పీకేసింది. మేం కట్టాల్సింది ఏమీ లేదంది రిసెప్షన్ అమ్మాయి. నోట్లో దూది పెట్టుకుని కార్లో కూర్చుంటే ఆయన హుషారుగా, "చూశావా, పైసా కాలేదు" అన్నారు. ఆ క్షణాన ఆయనంటే నాకు నిజంగా అసహ్యం వేసింది.

డిసెంబర్‌లో ఆయన ఆఫీసు స్నేహితుడు కొత్త కళ్ళజోడుతో మా ఇంటికి టీకి వచ్చాడు.

"ఇయర్ ఎండ్ కదా బ్రో, హెల్త్ అకౌంట్ ఖాళీ చేసేశా. మన కంపెనీలో ముప్ఫై ఒకటి దాటితే మిగిలింది పోతుందిగా. నువ్వేం కొన్నావ్?"

మా ఆయన చేతిలో బిస్కెట్ టీలో పడింది. పన్ను పోయాక నేను మొదటిసారి నోరు తెరిచి నవ్వింది అప్పుడే.

అతను గుమ్మం దాటగానే ఆయన డెంటిస్ట్‌కి ఫోన్ చేశారు, పోయిన పన్ను చోట కొత్తది, ఇంప్లాంట్, వెంటనే పెట్టేయమని. చిగురు మానడానికి నెలలు పడుతుంది, ఈ ఏడాది కుదరదంది. డబ్బు పోతుందని ఆయనకి నిద్ర పట్టలేదు. చివరికి తన పవర్‌తో రెండు జతల కూలింగ్ గ్లాసెస్ చేయించుకున్నారు, మంచు మీద ఎండ కళ్ళల్లో కొడుతోందట. "నీకూ తీసుకుందామంటే నీ కళ్ళకి సైట్ లేదాయె" అన్నారు నాతో.

జనవరిలో అకౌంట్‌లో మళ్ళీ డబ్బు పడింది. వసంతానికి చిగురు కూడా మానింది. ఆయన నెమ్మదిగా వచ్చి, "ఇంప్లాంట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోనా?" అన్నారు. నేను వద్దన్నాను. ఇప్పుడు ఏ పార్టీలోనైనా ఆయన పొదుపు గురించి గొంతు సవరించుకోగానే ఎదురుగా వెళ్ళి కూర్చుని, సందు మొత్తం కనబడేలా నవ్వుతాను. మాట మధ్యలోనే ఆగిపోతుంది.

మొన్న ఇంటికొస్తూ కార్లో బతిమాలారు. "నలుగురిలో పరువు పోతోంది. ఎప్పుడు పెట్టించుకుంటావే?"

"తొందరేముందండీ," అన్నాను. "దాస్తే పెరుగుతుందన్నారుగా."